చెయ్యి వేసి చూసే గోడ

మొన్న నందిగామలో మా పద్మత్త ఇంటికి వెళ్ళాను. పెద్ద పనేం కాదు. అత్త కొత్త మిక్సీ కొనుక్కుంది, పాతది ఇస్తానంది, మా అమ్మ తెమ్మంది. మనిషి చిన్నతనం మొత్తం తలకిందులయ్యే రోజున ఇంకాస్త గంభీరమైన పని మీద బయల్దేరి ఉంటే బాగుండేదని తర్వాత అనిపించింది గానీ, అప్పటికి నా చేతిలో ఉన్నవి మిక్సీ జార్లు. మూతల కోసం అత్త సామాన్ల గదిలో అట్టపెట్టెలు జరుపుతుంటే వాటి వెనక గోడకి ఆనించిన ఒక గడియారం బయటపడింది. గుండ్రంగా, ఎర్ర అంచుతో, మధ్యలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మతో. కొంగ కింద ఒక తెల్ల సిమెంటు కంపెనీ పేరు. ఆ కొంగని నేను గుర్తుపట్టాను. దానితో నాకు చిన్నప్పటి వైరం.

అలాంటి గడియారమే జగ్గయ్యపేటలో మా ఇంట్లో ఉండేది. మా నాన్న మా నాయనమ్మకి చేసిన ద్రోహానికి కంపెనీ వాళ్ళిచ్చిన బహుమతి అదని, లోకంలో అది ఒక్కటేనని నమ్ముతూ పెరిగాను. రెండోది ఎక్కణ్ణించి వచ్చింది అని అడిగాను. అత్త తలెత్తకుండా, పెట్టెలో చెయ్యి పెట్టి మూతలు వెతుక్కుంటూనే జవాబు చెప్పింది. ఆ జవాబు అర్థం కావాలంటే ముందు మా గోడ గురించి చెప్పాలి.

జగ్గయ్యపేట అనగానే బయటివాళ్ళు సిమెంటు అంటారు. తప్పేం లేదు. ఊరి చుట్టూ ఎటు చూసినా ఫ్యాక్టరీ గొట్టాలు కనబడతాయి, రోడ్డు పక్క చెట్ల ఆకులు పచ్చగా పుట్టి బూడిదరంగులో పెద్దవవుతాయి. బళ్ళో సోషల్ మాస్టారు ఒకసారి మన ప్రాంతపు ముఖ్య పరిశ్రమ ఏది అని అడిగితే నేను లేచి సున్నం అన్నాను. క్లాసంతా నవ్వింది. ఎవరు చెప్పారు అన్నారు మాస్టారు. మా నాయనమ్మ అన్నాను. సరే కూర్చో అన్నారు. సిమెంటని దిద్దలేదు. ఆయన ఇంటికి సున్నం మా దగ్గర్నుంచే వెళ్ళేది, పండగలు దగ్గర్లో ఉన్నాయి.

మా నాయనమ్మని ఊళ్ళో సున్నం రాఘవమ్మ అనేవాళ్ళు. కోదాడ వైపు వెళ్ళే రోడ్డు మీద మా ఇల్లు, ఇంటి ముందు వసారాలోనే కొట్టు. సిమెంటుకి వెళ్ళే రాయీ సున్నానికి కాల్చే రాయీ ఒకే నేలలోంచి వస్తాయని, ఫ్యాక్టరీ వాళ్ళకి కాల్చడం చేతకాక బూడిద చేసుకున్నారని ఆవిడ సిద్ధాంతం. ఆ బూడిద ఫ్యాక్టరీలోనే ప్యాకింగ్ సెక్షన్లో మా నాన్న కాంట్రాక్టు పని చేసేవాడు. "పొద్దున తెల్లగా పంపిస్తన్నా, సాయంత్రానికి ఎలాంటోణ్ణి తిప్పి పంపిస్తన్నారో చూడవే" అని మా అమ్మకి చూపించేది. అమ్మ చూసేది, ఎందుకంటే ఉతికేది ఆవిడే. ఒక బకెట్లో నాన్న బట్టలు, ఒక బకెట్లో నాయనమ్మ బట్టలు. రెండూ కలిస్తే చీరలు అట్టలు కడతాయని అమ్మ భయం.

బట్టీ నుంచి గుల్ల సున్నం బస్తాల్లో వచ్చేది. చూడటానికి రాళ్ళే, ఎత్తితే మరమరాల మూటలా తేలిక. పెరట్లో నీళ్ళ తొట్టిలో వెయ్యగానే పొయ్యి లేకుండా కుతకుతా ఉడికేది. ఆ ఆవిరి వాసన నాకిప్పటికీ తెలుసు. తొలి వానకి తడిసిన గోడకి కోపం వస్తే ఎలాంటి వాసన వస్తుందో అలా ఉంటుంది. ఉడుకు చల్లారాక గోనెపట్టాలో వడకట్టి, తుమ్మ జిగురు, గుప్పెడు ఉప్పు, కాస్త నీలిమందు కలిపేది నాయనమ్మ. పాళ్ళు ఎవరికీ చెప్పేది కాదు. అడిగితే "చేతికి తెలుస్తది" అనేది. ఆ చేతులేమో పగుళ్ళు తేలి, ఎండిన చెరువు అడుగులా ఉండేవి. పొద్దు వాలగానే ఆముదం రాసుకుని కూర్చునేది. పచ్చడి కలుపుకుంటే పగుళ్ళు మండుతాయని ముందు పెరుగన్నం తినేసేది, తర్వాత పచ్చడన్నం నేను కలిపి ముద్దలు పెట్టేదాన్ని. మిరపకాయల దేశంలో పుట్టి వేళ్ళతో గోంగూర పచ్చడి ముట్టుకోలేని మనిషి, నా చేతి ముద్ద నోట్లో పడగానే కళ్ళు మూసుకునేది. నేను దాన్ని ప్రేమ అనుకునేదాన్ని. కారం ఎక్కువైందేమో.

సిమెంటు తప్ప ఈ ఊళ్ళో ఏముంది అని ఎవరైనా అంటే ఆవిడ కొట్టు ముందు ఒక పూట కూర్చోబెడితే సరిపోయేది. మైలవరం వైపు మామిడి తోటల వాళ్ళు చెట్ల మొదళ్ళకి పూయడానికి, మైలుతుత్తంలో కలిపి మందు కొట్టుకోవడానికి వచ్చేవాళ్ళు. మిర్చి గోడౌన్ల వాళ్ళు గోడల్లో పురుగు చేరకూడదని, పత్తి మిల్లు వాళ్ళు ఆవరణలో రాళ్ళ వరస తెల్లగా కనపడాలని, తమలపాకుల కొట్ల వాళ్ళు బాగా తేరిన సున్నం కావాలని, బడి వాళ్ళు కబడ్డీ గీతలకని, కీసర దగ్గర హైవే హోటలాయన లారీలు ఎక్కడ ఆగాలో గీత గియ్యాలని. ఎవరైనా పెద్దమనిషి ఊరికి వస్తున్నాడంటే రోడ్డుకి రెండు పక్కలా చల్లడానికి పంచాయతీ వాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చేవాళ్ళు. ఆఖరికి సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో చెట్ల మొదళ్ళకి కూడా మా సున్నమే. సగం మంది డబ్బుకి బదులు తమ దగ్గరున్నది ఇచ్చి పోయేవాళ్ళు. మా వంటింట్లో ఎండుమిరపకాయలు, కందులు, మామిడి ముక్కలు చూస్తే ఆ ఏడాది ఎవరెవరి గోడలు తెల్లబడ్డాయో తెలిసిపోయేది.

ఇక గోడ. రోడ్డు వైపు మా ఇంటి గోడకి కిటికీ కూడా లేదు, నిలువెత్తున తెల్లగా ఉండేది. ప్రతి ఏడూ కొత్త సున్నం తొలి చెయ్యి దాని మీద పడ్డాకే అమ్మకం మొదలు. కొనేవాళ్ళు వచ్చి ముందు ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి, గట్టిగా ఒత్తి, తీసి చూసుకునేవాళ్ళు. చేతికి తెల్లగా అంటితే జిగురు తక్కువైనట్టు. అంటకపోతే మంచి సున్నం. మా కొట్టుకి బోర్డు లేదు, ఈ గోడే బోర్డు. గోడ దగ్గరికి జనాన్ని తీసుకెళ్ళడం నా ఉద్యోగం. మొహమాటపడేవాళ్ళ చెయ్యి నేనే పట్టుకుని గోడకి ఆనించేదాన్ని. కోదాడ అవతల్నుంచి వచ్చిన ఒకాయన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని "ఏం అంటలేదు గదా పిల్లా, అసలు సున్నమేనా ఇది" అన్నాడు. సున్నం చూసినవాళ్ళకి తెలుస్తుందిలెండి అన్నాను. నాయనమ్మ నన్ను తిట్టింది, ఆయన వెళ్ళాక తాటిబెల్లం ముక్క ఇచ్చింది. జీతమంటే నాకదే.

ఆ ఏడు పద్మత్త పురిటికని నాయనమ్మ నందిగామ వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ గోడ నాకు అప్పజెప్పింది. ఎవడూ పోస్టర్లు అంటించకుండా, మేకలు వీపులు రుద్దుకోకుండా చూసుకోమంది. మేకల విషయంలో నేను నూటికి నూరుపాళ్ళు విజయం సాధించాను. ఒక ఆదివారం పొద్దున్నే నిచ్చెనతో, రంగు డబ్బాలతో ఇద్దరు మనుషులు దిగారు. వాళ్ళ వెనక మా నాన్న, చంకలో ఒక అట్టపెట్టెతో. నాన్నే నిచ్చెన పట్టుకున్నాడు. గోడ మీద మొదట నీలంరంగు పడింది, తర్వాత ఒక కొంగ, తర్వాత గజం ఎత్తు అక్షరాలు. సున్నం అక్కర్లేదు, మా తెల్ల సిమెంటు పూయండి, గోడ ఏళ్ళ తరబడి మెరుస్తుంది అని. సున్నం రాఘవమ్మ గోడ మీద.

నేను వెళ్ళి గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. రంగులాయన చాలా మర్యాదస్తుడు. "పాపా, జరగమ్మా, లేపోతే నిన్ను కూడా కలిపి ఏసేస్తా" అన్నాడు. నేను జరగలేదు. ఆయన నా చుట్టూ వేసుకుంటూ పోయాడు. నాన్న నిచ్చెన వదిలేసి వచ్చి నన్ను రెండు చంకల్లో చేతులు వేసి ఎత్తి అరుగు మీద కూర్చోబెట్టాడు. నీకు తెలీదమ్మా అన్నాడు. నా మొహంలోకి చూడలేదు. నా గౌను వెనక కొంగ ముక్కు అంటుకుంది, ఎంత ఉతికినా పోలేదు. వాళ్ళ రంగు నాణ్యమైనదేనని ఆ ఒక్క సంగతి ఒప్పుకోవాలి.

నాయనమ్మ తిరిగొచ్చిన రోజు మా వీధికి పండగ. బస్సు దిగి, సంచీ చేత్తో పట్టుకుని, గోడ ముందు ఆగిపోయింది. కాసేపు చూసింది. తర్వాత రోడ్డు మీదే కూలబడింది. నా కడుపున పుట్టి నా గోడే అమ్ముకున్నావురా అని మొదలుపెట్టి, ఇంక నేను సున్నం ముట్టను, ఏ మొహం పెట్టుకుని అమ్మను అని ముగించింది. మధ్యలో చాలా ఉంది. మిర్చి గోడౌను వాళ్ళు వచ్చారు, తమలపాకుల కొట్టాయన వచ్చాడు, ఆగాల్సిన అవసరం లేకపోయినా కోదాడ బస్సు ఒకటి ఆగింది. అందరూ నాన్నని తిట్టారు. నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. ఆ రోజుతో కొట్టు మూతపడింది. మిగిలిన గుల్ల సున్నం పెరట్లోనే వానకి తడిసి, తనంతట తానే ఉడికి, చల్లారిపోయింది.

నేను నాన్నతో మాట్లాడటం మానేశాను. పిల్లల అలకలు పూటలో పోతాయంటారు, నాది పోలేదు. ఏం కావాలన్నా అమ్మ ద్వారానే కబురు. కంచం ముందు కూర్చుని పక్కనే ఉన్న మనిషిని కూర గిన్నె ఇటు జరపమని అమ్మతో చెప్పించేదాన్ని. నడి ఇంట్లో వేలాడే కొంగ గడియారం వైపు చూడనని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి రోజూ బడికి ఆలస్యంగా వెళ్ళి బెంచీ ఎక్కేదాన్ని. మాస్టారు కారణం అడిగితే గౌరవంగా మౌనం వహించేదాన్ని. ఇదంతా నాయనమ్మకి తెలుసు. వచ్చిన వాళ్ళందరికీ నన్ను చూపించి, ఈ పిల్లకున్న పౌరుషం నా కొడుక్కి లేకపోయె అనేది. ఆ మాట కోసమైనా ఇంకో వారం మాట్లాడకుండా ఉండొచ్చు అనిపించేది. రాత్రి ముద్దలు పెడుతుంటే మాత్రం, మీ నాన్న తిన్నాడా అని నన్నే అడిగేది. నాకేం తెలుసు అనేదాన్ని.

విజయవాడలో హాస్టల్లో చేరాక ఫోన్లో నాన్నతో మాట్లాడక తప్పలేదు. ఫీజు, బస్సు, జ్వరం. మా మధ్య మాటలు తిరిగొచ్చాయి గానీ కబుర్లు రాలేదు. నాయనమ్మ పోయింది. నాన్న ఫ్యాక్టరీ పని మానేసి నందిగామలో పెయింట్ల కొట్టు పెట్టుకున్నాడు, మేం అక్కడికి మారిపోయాం. జగ్గయ్యపేట ఇల్లు ఖాళీ గోనెసంచుల వ్యాపారికి అద్దెకిచ్చాం. ఇన్నేళ్ళలో ఎవరు ఎవరికి ద్రోహం చేశారన్న విషయంలో నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. గడియారం ఒక్కటే అనుకోబట్టి.

మిక్సీ మూత దొరికాక పద్మత్త చెప్పింది ఇది. గోడ అడగడానికి కంపెనీ మనిషి ముందు నందిగామే వచ్చాడు, అత్త పురిటి మంచం పక్కకే, మా నాన్నని వెంటబెట్టుకుని. ఇల్లు నాయనమ్మ పేరు మీద ఉంది మరి. ఆవిడ ఆలోచించడానికి ఒక తాంబూలం నమిలేంత సేపు తీసుకుంది. "గోడకి ఒక గడియారం అంటే కుదరదని కూచుంది మా అమ్మ. ఇంట్లోకొకటి, పుట్టినింటి నుంచి నా కూతురికి పెట్టడానికి ఒకటి, రెండిస్తేనే గోడ అంది. పాపం ఆ అబ్బాయి ఆఫీసుకి ఫోన్ చేసి మరీ ఒప్పించాడు" అంది అత్త. ఆ బేరమాడే గొంతు నాకు వినబడింది. అది అబద్ధమై ఉండటానికి వీల్లేదు.

నేను జార్లు కింద పెట్టి, మరి ఆ ఏడుపు అన్నాను.

"ఏడుస్తానని ముందే చెప్పిందిగా" అంది అత్త. "అంతకుముందే సున్నం చింది ఒక కన్ను మసకేసింది, డాక్టరు ఇంక ముట్టొద్దన్నాడు. కొనేవాళ్ళూ తగ్గిపోయారు, బట్టీ కూడా నడిచే లాగా లేదు. అట్టాగని సున్నం రాఘవమ్మే సున్నం మానేసిందంటే ఊళ్ళో ఎలా తలెత్తుకుంటది? నేనొచ్చే లోపల రాయించెయ్ రా, నేనొచ్చి ఏడుస్తా, నువ్వు తల వంచుకుని నిలబడు అంది మీ నాన్నతో. నీకు తెలీదా? నీకెప్పుడో చెప్పే ఉంటారనుకున్నా."

ఎవరూ చెప్పలేదు. ఓడిపోవడం మా నాయనమ్మకి చేతకాదు. మోసపోవడమైతే మర్యాదగా ఉంటుందని అటు వెళ్ళింది. నాటకంలో వేషాలు పంచుకున్నారు, కంపెనీ వాళ్ళు తెర కట్టారు, వీధంతా ప్రేక్షకులు. ఇది నాటకమని తెలియకుండా స్టేజీ మీదున్నది నేనొక్కదాన్నే. గౌను కూడా పాడుచేసుకున్నాను.

మిక్సీ పట్టుకుని అక్కణ్ణించి నేరుగా నాన్న కొట్టుకి వెళ్ళాను. మధ్యాహ్నం, బేరాల్లేవు. నాన్న పుట్టీ సంచుల మీద కూర్చుని పేపరు చూస్తున్నాడు. పద్మత్త ఇంట్లో కొంగ గడియారం చూశానన్నాను.

నాన్న పేపరు దించి, "నడుస్తోందా?" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకు చెప్పలేదు అని అడిగాను. పేపరు మడత పెట్టడానికి ఆయన చాలాసేపు తీసుకున్నాడు.

"చెబ్దామనే అనుకున్నా. మీ నాయనమ్మ వద్దంది. ఊళ్ళోవాళ్ళు నాలుగు రోజులు తిట్టి ఊరుకున్నారు. నువ్వే ఊరుకోలా. ఆ పిల్ల నీతో మాట్లాడనంత కాలం మన మాట అందరూ నమ్ముతారు, దాన్నలా ఉండనీరా అంది."

అప్పుడు అర్థమైంది. గోడ పోయాక నమూనాకి నేను మిగిలాను. వచ్చిన వాళ్ళకి నన్ను చూపించేది అందుకే. చెయ్యి వేసి చూసుకోండి, అంటదు, అలక గట్టిగా పట్టింది అని. రాత్రిళ్ళు మీ నాన్న తిన్నాడా అని అడిగింది మాత్రం దేనికోసమో, ఆ ఒక్కటి ఏ లెక్కలోనూ ఇమడటం లేదు.

ఆవిడ పోయాకైనా చెప్పొచ్చుగా అన్నాను.

"అప్పటికి మనిద్దరికీ అలవాటైపోయింది కదమ్మా" అన్నాడు నాన్న. తర్వాత మిక్సీ వైపు చూసి, మీ అమ్మకి ఇది దేనికంట అన్నాడు. నాకూ తెలీదన్నాను. ఆ విషయం మీద మేం ఇద్దరం కాసేపు మాట్లాడుకున్నాం. ఇంత పొడుగు సంభాషణ మా మధ్య జరిగి చాలా కాలమైంది, అదీ ఒక పాత మిక్సీ గురించి. నేను లేస్తుంటే ఇంకో మాట చెప్పాడు. రంగులు వేసేవాళ్ళు పాత సున్నం గోకి వేద్దామా అని అడిగితే, అక్కర్లేదు, పైనే వేసుకోమనండి అని నాయనమ్మ నందిగామ నుంచే కబురు పంపిందట. సున్నం మీద రంగు నిలవదని ఆవిడకి తెలియకపోవడమేమిటి. రెండు వానలకే అక్షరాలు పెచ్చులూడి, కొంగ కాలు ఊడి పడి, కంపెనీ వాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చి వేసుకోవాల్సొచ్చింది. గడియారాలు మాత్రం వెనక్కి అడగలేదు. ఆవిడ మోసం అందరికీ సమానంగానే చేసిందని కాస్త ఊరట కలిగింది.

మర్నాడు జగ్గయ్యపేట వెళ్ళాను. వెళ్ళి ఏం చెయ్యాలో తెలీదు, పోట్లాడదామంటే మనిషి లేదు. ఊళ్ళో ఇప్పుడు ఎవరూ గోడ మీద చెయ్యి వేసి చూడరు. పదేళ్ళ గ్యారంటీ అని డబ్బా మీదే రాసి ఉంటుంది, డబ్బాని నమ్ముతారు. మిర్చి లారీలు, పత్తి లారీలు, గోనెసంచుల లారీలు అలాగే తిరుగుతున్నాయి, బయటివాళ్ళు అలాగే సిమెంటు అంటున్నారు. సోషల్ మాస్టారు ఉంటే ఇప్పుడు నేను కూడా సిమెంటనే చెప్పి బుద్ధిగా కూర్చునేదాన్ని. నన్ను నమ్మించినవాళ్ళు చెప్పినవన్నీ ఒకసారి తిరగేసి చూసుకోవాల్సి ఉంది.

మా గోడ మీద రంగు దాదాపుగా రాలిపోయింది. గజం ఎత్తు అక్షరాల్లో ఒకటి రెండు కొమ్ములు మిగిలాయి, కొంగ తలకాయ మిగిలింది. వాటి కింద నీలిమందు కలిసిన పాత తెలుపు, మా నాయనమ్మ ఆఖరి ఏడాది సున్నం. గోనెసంచుల వ్యాపారి మనుషులు సంచులు దులుపుతూ నన్నే చూస్తున్నారు. అంటుకోవాలనే గోడ దగ్గరికి నడిచాను నేను. ఇన్నేళ్ళ వానలకి జిగురు చచ్చిపోయి ఉంటుందని, చెయ్యంతా తెల్లగా అవుతుందని, ఇదుగో నీ సున్నం కూడా నిజం కాదు అని ఆవిడతో అనొచ్చని. ఒక్క ఫిర్యాదు సాక్ష్యంతో సహా చేతిలో ఉంటే చాలు.

అరచెయ్యి ఆనించాను. గట్టిగా ఒత్తాను. తీసి చూసుకున్నాను.

ఏమీ అంటలేదు.